ఇంట్లో స్పీడ్ బ్యాగ్: అదురు గోడకెక్కకుండా బిగించే పద్ధతి

మా అమ్మాయికి స్పీడ్ బ్యాగ్, అంటే గోడ బ్రాకెట్ మీద అడ్డంగా నిలిచే చెక్క బోర్డు అడుగున వేలాడే బాక్సింగ్ సాధన బ్యాగు, బిగించిన మూడో రోజు సాయంత్రం కింది ఇంటి మామ్మగారు మెట్లెక్కి వచ్చారు. కోపంగా రాలేదు. "చప్పుడు సంగతి వదిలెయ్ బాబూ, పిల్ల ఉన్న ఇంట్లో చప్పుడు కాకుండా ఎలా ఉంటుంది. మా అలమరలో గ్లాసులు వాటంతట అవే మోగుతున్నాయి, ఒకసారి వచ్చి చూడు" అన్నారు.

అమ్మాయిని కొడుతూనే ఉండమని చెప్పి కిందికి వెళ్లాను. ఆ గదిలో నిలబడితే బ్యాగు చప్పుడు పెద్దగా ఏమీ లేదు. ఎక్కడో రెండు వీధుల అవతల ఎవరో డోలు కొడుతున్నట్టుంది. కానీ గోడకు బిగించిన అలమరలో అంచులు తగిలేలా పెట్టిన రెండు గాజు గ్లాసులు సన్నగా గలగలమంటున్నాయి. గోడ మీద అరచెయ్యి ఆనించాను. ప్రతి గుద్దూ చేతికి తెలిసింది. పైన అమ్మాయి ఆగితే గోడ ఆగింది, మొదలుపెడితే మళ్లీ మొదలైంది.

నేను డీజిల్ జనరేటర్లు బిగించే పనిలో ఉన్నాను, పద్దెనిమిదేళ్లయింది. టన్నుకు పైగా బరువున్న ఇంజన్ మేడ మీద నడుస్తున్నా కింది అంతస్తులో మనుషులు నిద్రపోగలిగేలా చెయ్యడమే నా పనిలో సగం. మా ఇంటి గోడకు మాత్రం బ్రాకెట్‌ని నేరుగా నాలుగు బోల్టులతో బిగించి వదిలేశాను, చిన్న తోలు సంచే కదా అనుకుని. దాన్ని సరిచెయ్యడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో స్థిరపడాలి. బ్యాగు నుంచి వచ్చేవి రెండు వేరువేరు బాధలు. ఒకటి గాలిలో వెళ్లే చప్పుడు. అది మీ గదిలో, మీ చెవుల్లో, తలుపు సందులో. రెండోది కట్టడంలోకి దిగే అదురు. అది బోల్టు పట్టుకుని గోడలోకి, గోడ పట్టుకుని కిందికీ పక్కకీ పోయి, అవతలి గదిలో గోడనే స్పీకరుగా మార్చుకుంటుంది. మొదటిదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు. గది నిండా ఫోము అతికించినా మామ్మగారి గ్లాసులు ఆగవు. పొరుగువాళ్ల ఫిర్యాదుల్లో ఎక్కువభాగం రెండోదాని గురించే.

ఒక్క గుద్దుకు ఏం జరుగుతుంది

పిడికిలి తగిలిన బ్యాగు ముందు అవతలి వైపు బోర్డుకు కొట్టుకుంటుంది, వెనక్కి వచ్చి మన వైపు బోర్డుకు, మళ్లీ అవతలి వైపుకు, ఆ తర్వాత మన చేతికి. అంటే ఒక గుద్దుకు బోర్డు మీద మూడు దెబ్బలు. నింపాదిగా సెకనుకు రెండు గుద్దులు వేసినా బోర్డు మీద ఆరు దెబ్బలు పడతాయి. చెయ్యి తిరిగినవాళ్లు మూడు వేస్తే తొమ్మిది. ఒక్కో దెబ్బ చిన్నదే, కానీ ఐదు నిమిషాల సాధనలో అవి దాదాపు రెండు వేలు. గోడకు అది ఎడతెగని వాయింపు.

ఇందులో ఒక చిక్కుంది. బ్యాగు సరిగ్గా తిరిగి రావాలంటే బోర్డు గట్టిగా, కదలకుండా ఉండాలి. బోర్డు మెత్తబడితే, ఊగితే బ్యాగు తాళం తప్పుతుంది. కాబట్టి బ్యాగుకూ బోర్డుకూ మధ్య మెత్తదనం పెట్టకూడదు. బోర్డుకూ ఇంటికీ మధ్య పెట్టాలి. ఇంటర్నెట్‌లో చాలామంది చెప్పే మొదటి చిట్కా, బోర్డు అడుగున ఫోము అతికించమని, ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. నేనూ ఒకసారి చేసి చూశాను. పది మిల్లీమీటర్ల యోగా మ్యాటు గుండ్రంగా కోసి బోర్డు అడుగున అంటించాను. చప్పుడు తగ్గింది, బ్యాగు చచ్చిపోయింది. మూడో దెబ్బకు ఊపు మిగల్లేదు. అమ్మాయి రెండు నిమిషాలు ప్రయత్నించి, "నాన్నా, ఇది తిరిగి రావడం లేదు, తోసుకోవాల్సి వస్తోంది" అంది. ఆ సాయంత్రమే పీకేశాను.

బోల్టు విప్పే ముందు వినండి

ఏ దారిలో పోతోందో తెలియకుండా రబ్బరు కొనకండి. ఒక మనిషిని బ్యాగు కొట్టమని, మీరు ఈ నాలుగు పనులు చెయ్యండి.

బ్రాకెట్ మీద చెయ్యి పెట్టండి, తర్వాత బ్రాకెట్‌కు జానెడు దూరంలో గోడ మీద, తర్వాత గది అవతలి మూల, తర్వాత నేల మీద. ఎక్కడ హఠాత్తుగా తగ్గుతోందో, ఎక్కడ తగ్గడం లేదో చేతికే తెలుస్తుంది. చేతికి అందని సన్నని అదురు కోసం పొడుగాటి స్క్రూడ్రైవరు మొన గోడకు ఆనించి, పిడి చెవి ముందున్న ఎముకకు ఆనించండి. ఇంజన్ బేరింగులు మేము ఇలాగే వింటాం. గోడలో ఏం నడుస్తోందో స్పష్టంగా వినిపిస్తుంది.

ఒక వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి నేల మీద పెట్టండి. నీటి మీద పడే లైటు వెలుగు వణికితే నేలకు కూడా దిగుతోందని అర్థం. చివరగా బ్యాగు తీసేసి, బోర్డును మడిచిన పిడికిలి పక్కభాగంతో ఒక్కసారి కొట్టండి. "దుబ్" మని చచ్చిన చప్పుడు రావాలి. "ఢణ్" మని సాగినా, ఇనుము గలగలలాడినా బోర్డు తేలికగా ఉందనో, ఏదో వదులుగా ఉందనో లెక్క.

ఆ తర్వాత కిందికో పక్కకో వెళ్లి వాళ్ల గదిలో వినండి. ఇది తప్పించుకోకండి. మన గదిలో మనకు తగ్గినట్టు అనిపించేదానికీ, వాళ్ల గదిలో నిజంగా తగ్గేదానికీ చాలాసార్లు సంబంధం ఉండదు. ఫోనులో డెసిబెల్ యాప్ వాడొచ్చు, కాకపోతే అది చూపే అంకెను నమ్మకండి, తేడాను మాత్రం నమ్మండి. అదే ఫోను, అదే చోటు, అదే మనిషి కొట్టడం, ముందూ తర్వాతా. పది డెసిబెల్‌లు తగ్గితే చెవికి సుమారు సగమైనట్టు ఉంటుంది. ఫోను మైకులు లోతైన శబ్దాన్ని సరిగ్గా పట్టుకోవు కాబట్టి గోడ మీద చెయ్యి కూడా సాక్ష్యం చెప్పాలి.

ముందు గలగలలు

ఇది పది నిమిషాల పని. స్వివెల్, అంటే బ్యాగు వేలాడే తిరుగుడు కొక్కెం, దాని మరలు బిగించండి. అందులో వదులు ఎక్కువై లోహం లోహానికి కొట్టుకుంటుంటే ఒక చుక్క నూనె వెయ్యండి. అరిగిపోయి ఉంటే మార్చెయ్యండి, నూనెతో ఆగదు. బోర్డు ఎత్తు మార్చే పైపులూ పిన్నులూ ఉన్న బ్రాకెట్ అయితే ఆ పిన్ను రంధ్రంలో వదులుగా ఆడుతూ ఉంటుంది. దానికి పక్కనుంచి ఒక బిగింపు మర పెట్టించండి. ప్రతి బోల్టుకూ నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు వాడండి. మామూలు నట్టు ఈ వాయింపుకు రోజుల్లో వదులవుతుంది.

బోర్డును బరువెక్కించండి

తేలికైన బోర్డు డోలు చర్మం లాంటిది. కొట్టిన శక్తిని తను తీసుకోలేక మోగుతుంది, మిగిలింది బ్రాకెట్‌కు అప్పగిస్తుంది. బరువైన బోర్డు అదే దెబ్బకు తక్కువ కదులుతుంది. తక్కువ కదిలితే గోడకు తక్కువ అందుతుంది. పైగా బ్యాగు కూడా చురుగ్గా తిరిగొస్తుంది. చప్పుడు తగ్గించే పనుల్లో ఆటను కూడా బాగుచేసేది ఇదొక్కటే, అందుకే ముందు దీనికే చెయ్యి పెట్టమంటాను.

మాకు సెట్టుతో వచ్చిన బోర్డు ఒక్క పొరది, అరవై సెంటీమీటర్ల వెడల్పు. దాని స్థానంలో పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ మూడు గుండ్రాలు కోయించి, మొత్తం ముఖమంతా జిగురు పూసి, పైనుంచి మరలు వేసి ఒక్కటి చేశాను. జిగురు అంచుల్లోనే పూస్తే మధ్యలో పొరలు విడివిడిగా అదురుతాయి, అందుకని దువ్వెన గరిటెతో సమంగా పరిచాను. ఒక రాత్రి దాని మీద బరువులు పేర్చి ఉంచాను. ఎండాక తూస్తే తొమ్మిది కిలోలు. మరలు అడుగు ముఖంలోకి పొడుచుకు రాకుండా చూసుకోండి, బ్యాగు చర్మం చీరుకుపోతుంది.

ఆపైన బోర్డు నెత్తిన పది కిలోల ఇసుక మూట పెట్టాను. ఇసుక గురించి రెండు మాటలు చెప్పాలి. ఇనుప బరువు పెట్టినా బోర్డు కదలిక తగ్గుతుంది. ఇసుక అంతకంటే ఎక్కువ చేస్తుంది. రేణువులు ఒకదాని మీద ఒకటి రాసుకుని అదురును లోపలే అరగదీస్తాయి, వేడిగా మార్చి చంపేస్తాయి. అందుకే ఇసుక మూట పెట్టిన బోర్డును కొడితే "ఢణ్" తోక తెగిపోతుంది. మందమైన గుడ్డ సంచీలో, పూర్తిగా బిగించకుండా, బోర్డుకు ఒళ్లంతా అంటుకుని కూర్చునేంత వదులుగా నింపండి. ఇసుక బాగా ఆరినదై ఉండాలి. లోపల ప్లాస్టిక్ సంచీ ఒకటి వేస్తే రాలదు. ఊగినప్పుడు జారిపోకుండా రెండు పట్టీలతో కట్టేయండి, తల మీద పడే వస్తువు అది. ఇనుప ప్లేట్లే ఉంటే వాటిని బోల్టుతో బిగించండి, మధ్యలో రబ్బరు ముక్క వేసి. ఊరికే పెడితే అవే గలగలలాడతాయి.

బ్రాకెట్ చేతులు పలచని ఇనుప పైపులైతే అవి కూడా మోగుతాయి. చివరలు తెరిచి ఇసుక నింపి మూసేయొచ్చు. కుదరకపోతే కారు తలుపుల లోపల అతికించే బిటుమెన్ షీటు చుట్టినా మోత తగ్గుతుంది. నేను మాత్రం ఆ పైపుల్ని తీసేసి మందపాటి చెక్క చేతులు పెట్టించాను. చెక్క ఇనుములా మోగదు.

గోడకూ దానికీ మధ్య తెగాలి

అసలు పని ఇది.

మొదటి ప్రయత్నంలో బ్రాకెట్ వెనక నాలుగు రబ్బరు బిళ్లలు పెట్టి, పాత బోల్టులే వాటి మధ్యనుంచి దూర్చి బిగించాను. కిందికి వెళ్లి గోడ మీద చెయ్యి పెడితే ఏ మార్పూ లేదు. పైకి వచ్చి బోల్టు దగ్గర టార్చి వేసి చూశాక అర్థమైంది. రబ్బరు బిళ్ల బ్రాకెట్‌ను గోడ నుంచి వేరు చేసింది నిజమే. కానీ బోల్టు తల బ్రాకెట్ ఇనుమును కరుచుకుని ఉంది, బోల్టు ఒళ్లు రంధ్రం అంచుకు ఆని ఉంది, బోల్టు మొన గోడలో ఉంది. రబ్బరు పక్కన అదురుకు ఇనుప వంతెన వేసిపెట్టాను. అదురు రబ్బరులోంచి పోవాల్సిన పనేముంది, వంతెన మీదుగా పోయింది. పనిలో కుర్రాళ్లు జనరేటర్ కాళ్లకు ఇలా బిగిస్తే నేనే విప్పించి మళ్లీ చేయిస్తాను.

సరైన పద్ధతి ఇది. బోల్టు పది మిల్లీమీటర్లదైతే బ్రాకెట్‌లో రంధ్రం పదహారు చెయ్యండి. ఆ మూడేసి మిల్లీమీటర్ల సందులో రబ్బరు గొట్టం ముక్క తొడగండి, బోల్టు ఒళ్లు ఎక్కడా ఇనుముకు తగలకుండా. బ్రాకెట్ వెనక ఒక రబ్బరు బిళ్ల, ముందు వైపు ఇంకో రబ్బరు బిళ్ల, దాని మీద వెడల్పాటి వాషరు, ఆ మీద లాక్ నట్టు. ఇప్పుడు బ్రాకెట్ రెండు రబ్బర్ల మధ్య నలిగి ఉంటుంది, ఇనుము ఇనుమును ఎక్కడా తాకదు. నట్టును వాషరు రబ్బరును పట్టుకునే దాకా చేత్తో తిప్పి, ఆపైన స్పానరుతో అర చుట్టు, మహా అయితే ముప్పావు చుట్టు. రబ్బరు పక్కలకు ఉబ్బి కనిపిస్తే ఎక్కువ బిగించారన్న మాట. పూర్తిగా నలిగిన రబ్బరు చెక్కముక్కతో సమానం. లాక్ నట్టు కాబట్టి తక్కువ బిగించినా ఊడిపోదు, ఇక్కడ అది తప్పనిసరి కావడానికి కారణం కూడా అదే. రబ్బరు చిరిగినా వాషరు రంధ్రంలోంచి జారిపోనంత వెడల్పుగా ఉండాలి, అప్పుడు బోర్డు వదులవుతుందే తప్ప మీద పడదు.

ఎంత మెత్తని రబ్బరు? ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిగ్గా చదవండి. రబ్బరు మీద కూర్చున్న బరువుకు తనదైన ఊగుడు వేగం ఒకటుంటుంది. బరువు పెట్టాక రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలిచి, ఆ అంకె వర్గమూలంతో 15.8ని భాగిస్తే సెకనుకు ఎన్ని ఊపులో సుమారుగా వస్తుంది. ఒక మిల్లీమీటరు దిగితే దాదాపు 16. నాలుగు మిల్లీమీటర్లు దిగితే దాదాపు 8. ఈ వేగానికి 1.4 రెట్లు దాటిన అదురునే రబ్బరు ఆపడం మొదలుపెడుతుంది, ఎంత దాటితే అంత బాగా ఆపుతుంది. ఆ వేగం దగ్గర్లో ఉన్న అదురునైతే ఆపకపోగా పెంచుతుంది.

ఇప్పుడు పైన చెప్పిన అంకె గుర్తు చేసుకోండి. బోర్డు మీద దెబ్బలు సెకనుకు ఆరు నుంచి తొమ్మిది. నాలుగు మిల్లీమీటర్లు దిగేంత మెత్తని రబ్బరు పెడితే దాని సొంత ఊగుడు 8, సరిగ్గా దెబ్బల వేగం మీదే కూర్చుంటుంది. బోర్డు ఉయ్యాలలా ఊగుతుంది, బ్యాగు తాళం పోతుంది, గోడకు ఎక్కువ అందుతుంది. ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదనుకుని స్ప్రింగులు, స్పాంజీలు పెట్టినవాళ్లకు ఎదురయ్యేది ఇదే. ఒక మిల్లీమీటరు దిగుడు దగ్గర ఆగితే ఊగుడు 16, ఆపడం 22 పైనుంచి మొదలు. గోడల్లోంచి "దుబ్ దుబ్" అని వినిపించేది అంతకు చాలా పైన ఉండే శబ్దం, అది బాగా తెగుతుంది.

కొలవడం కష్టమేమీ కాదు. నేల మీద నాలుగు రబ్బరు బిళ్లలు పెట్టి, మొత్తం బరువు, అంటే బోర్డు, చేతులు, ఇసుక మూట అన్నీ కలిపి వాటి మీద పెట్టి, ముందూ తర్వాతా ఎత్తు స్కేలుతో చూడండి. సీలింగుకు వేలాడదీసేదానికీ, స్టాండుకూ ఈ కొలత నేరుగా సరిపోతుంది. గోడ బ్రాకెట్‌కైతే బరువు రబ్బరును నలపదు, పక్కకు జారుస్తుంది. జారుడులో రబ్బరు ఇంకా మెత్తగా ఉంటుంది. కాబట్టి గోడకు కాస్త గట్టి రకం తీసుకోవాలి. గట్టిదనం షోర్ ఏ అనే కొలతలో చెబుతారు, 40 నుంచి 60 మధ్యది మనకు పనికొస్తుంది. ఆ అంకె రాసి లేకపోతే చేత్తో నొక్కి చూడండి. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు కంటే గట్టిగా, కారు టైరు కంటే మెత్తగా ఉండాలి. యంత్రాల కాళ్ల కింద పెట్టే రబ్బరు మౌంట్లు, రెండు వైపులా బోల్టు మొనలున్నవి, దొరికితే ఇంకా తేలిక. వాటిలో ఇనుప వంతెన పడే ప్రమాదమే ఉండదు. కాకపోతే అవి లాగుడుకు తెగితే పట్టుకునేది ఏదీ లేదు కాబట్టి ఒక గొలుసు అదనంగా, బిగువు లేకుండా వేలాడేలా కట్టాలి.

గోడ బ్రాకెట్ విషయంలో ఇంకో మాట. బోర్డు గోడ నుంచి ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి పై బోల్టులను అది బయటికి లాగుతుంది. మా సరంజామా మొత్తం ఇరవై ఐదు కిలోలు, దాని బరువు మధ్య గోడకు నలభై ఐదు సెంటీమీటర్ల దూరంలో ఉంది. పై కింద బోల్టుల మధ్య నలభై సెంటీమీటర్లే ఉంటే పై జత మీద లాగుడు ఇరవై ఎనిమిది కిలోలు. తొంభై సెంటీమీటర్లు చేస్తే పన్నెండున్నర. అందుకని నిలువుగా రెండు పొడుగాటి చెక్క పట్టీలు పెట్టి, చేతుల్ని వాటికి బిగించి, పట్టీల చివర్లలో రబ్బర్లు వేశాను. లాగుడు తగ్గితే రబ్బరు సమంగా పనిచేస్తుంది, బోర్డు ముందుకు వాలదు. గోడలోని యాంకర్లు ఇటుకలో ఉంటే, జిగురుతో నిలిచే రకం వాడండి. లోపల విచ్చుకునే రకం ఈ నిరంతర అదురుకు ఇటుకను కొద్దికొద్దిగా నలిపి వదులవుతుంది.

ఏ గోడ?

నేను మొదట బిగించింది గదుల మధ్య ఉన్న పలచని గోడకు. మామ్మగారి అలమర సరిగ్గా దాని కిందనే, అదే వరసలో. ఇప్పుడు బయటి గోడకు, పిల్లరు పక్కకు మార్చాను. బరువైన గోడను కదిలించడం కష్టం. పలచని గోడ, ముఖ్యంగా జిప్సం బోర్డు గోడ, వీణ బుర్రలా పనిచేస్తుంది. దానికి బిగించక తప్పకపోతే లోపలి నిలువు ఫ్రేములు ఎక్కడున్నాయో వెతికి వాటికే బిగించాలి. పొరుగింటితో పంచుకునే గోడ జోలికి వెళ్లొద్దు. సీలింగుకు బిగిస్తే అది పైవాళ్ల నేల అన్న సంగతి మరిచిపోవద్దు. పై అంతస్తు మీదే అయితే సీలింగే మేలు, బీము కింద అయితే మరీ మేలు.

అద్దె ఇల్లయి గోడకు రంధ్రం పెట్టే వీలు లేకపోతే స్టాండు. స్టాండుతో గొడవ ఊగడమే. కాళ్ల మీద ఇసుక మూటలు ఎంత పడితే అంత వెయ్యండి, ఒక్కొక్కటి కాలికి ఒరుసుకునేలా. కింద దట్టమైన రబ్బరు మ్యాటు, దాని మీద ప్లైవుడ్ పలక, దాని మీద మళ్లీ రబ్బరు, ఆ మీద స్టాండు. ఉత్త మ్యాటు వేస్తే కాళ్ల కింద నాలుగు చోట్లే నలిగి గట్టిపడుతుంది, పలక ఉంటే బరువు పరుచుకుంటుంది. స్టాండు వెనక గోడకు తగలకుండా కనీసం జానెడు ఎడం ఉంచండి.

గాలిలో చప్పుడు

ఇక మిగిలింది మీ గదిలో వినిపించే టపటప. బ్యాగులో గాలి తగ్గించండి. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి దిగాలి. రాయిలా నింపిన బ్యాగు వేగంగా తిరుగుతుంది, చెవికి గుచ్చుకునేలా కొడుతుంది కూడా. పంపు సూది దించే ముందు తడపండి, లేకపోతే లోపలి తిత్తి మూతి చిరుగుతుంది. చేతులకు గుడ్డ పట్టీలు చుట్టుకుంటే గుద్దు చప్పుడు మెత్తబడుతుంది. పెద్ద బ్యాగు నెమ్మదిగా, లోతుగా మోగుతుంది, చిన్నది వేగంగా, సన్నగా. గోడలు దాటేది లోతైన శబ్దమే, కాబట్టి కింద మనుషులుంటే చిన్న బ్యాగు మంచిది, కొత్తవాళ్లకు అది కష్టమైనా సరే.

మందపాటి తెరలు, తివాచీ, పుస్తకాల అర గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. కోడిగుడ్ల అట్టలు ఏమీ చెయ్యవు. తలుపు కింద సందు మూయండి, శబ్దానికి చిన్న సందు చాలు.

ఇంకొకటి, బలం. స్పీడ్ బ్యాగ్ బలానిది కాదు, తాళానిది. మా అమ్మాయికి కోచ్ గారు మొదటి నెలంతా అదే చెప్పారు. పిడికిలిని చిన్న చక్రంలా తిప్పుతూ తాకించాలి, తోయకూడదు. ఆమె అలా కొట్టడం నేర్చుకున్నాక వచ్చిన తగ్గుదల నా రబ్బర్లన్నిటిలో ఒకదానికి సమానం. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం ఇంత చేసినా కొట్టనివ్వను. అప్పుడు నేలకూ పైకీ సాగే తాళ్లతో కట్టిన డబుల్ ఎండ్ బంతి ఉంది, దానికి బోర్డే లేదు, గుద్దు చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

తర్వాత చూసుకోవాల్సినవి

వారానికోసారి నట్లను చేత్తో తడమండి. రబ్బరు కాలంతో గట్టిపడుతుంది, పగుళ్లు కనిపిస్తే మార్చండి. ఎండ తగిలే కిటికీ పక్కనైతే త్వరగా మార్చాల్సి వస్తుంది. కొత్తగా ఏదైనా మొదలైతే ముందు తాకుడు వెతకండి. ఎక్కడో ఏదో గోడకు ఆనుకుని ఉంటుంది.

మామ్మగారు ఆ రెండు గ్లాసుల్ని ఇప్పటికీ అలాగే అంచులు తగిలేలా పెట్టి ఉంచారు. "ఉండనీ బాబూ, మళ్లీ మోగితే నీకు చెబుతాను" అన్నారు. నెలన్నర తర్వాత ఒకరోజు చెప్పారు. నట్లన్నీ బిగువుగానే ఉన్నాయి, రబ్బర్లు బాగున్నాయి. అరగంట వెతికాక కనబడింది. ఇసుక మూట పట్టీ ఒకటి సాగి, మూట వెనక్కి జారి, దాని మూల గోడకు ఆనుకుని ఉంది. అరచేతి వెడల్పు కూడా లేని తాకుడు. మూటను నాలుగు వేళ్లంత ముందుకు లాగి పట్టీ మళ్లీ కట్టి, అమ్మాయిని కొట్టమన్నాను. కిటికీలోంచి కిందికి వంగి ఎలా ఉందని అడిగాను.

"ఆగాయి" అని కేకేశారు మామ్మగారు.